ఆడపిల్ల పేరు నడుమ ఎవరు?

2024 మార్చి 11న మహారాష్ట్ర మంత్రివర్గం పేర్ల గురించి ఒక నిర్ణయం చేసింది. ఆ ఏడాది మే 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ప్రభుత్వ పత్రాలలో ఒకే వరుసలో నమోదు కావాలి: మొదట బిడ్డ పేరు, తర్వాత తల్లి పేరు, ఆ వెనుక తండ్రి పేరు, చిట్టచివర ఇంటిపేరు. అంతవరకు తల్లి పేరు ఉంటే వేరే గడిలో ఉండేది. పేరు నడుమ కూర్చునే హక్కు తండ్రిది. నిర్ణయం వెలువడిన కొద్ది రోజులకే మంత్రాలయంలో నామఫలకాలు మారాయి. ముఖ్యమంత్రి గది ముందు ఏకనాథ్ గంగూబాయి సంభాజీ శిందే అన్న పలక వెలిసింది. ఉపముఖ్యమంత్రులు ఫడ్నవీస్, పవార్‌ల పేర్లలోకి వారి తల్లులు సరిత, ఆశాతాయి వచ్చి చేరారు. మహిళా శిశు సంక్షేమ మంత్రి అదితి తట్కరే పేరులో తండ్రి సునీల్ కంటే ముందు తల్లి వరద నిలిచింది. మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. అయిదు రోజుల ముందు పుట్టుకొచ్చిన ఈ మాతృభక్తిలో మహిళా ఓటర్ల లెక్క లేదని నమ్మడానికి చాలా అమాయకత్వం కావాలి. అయినా ఉద్దేశం ఏదైతేనేం, ఉత్తర్వు ఉత్తర్వే.

ఫలకాన్ని రెండు మేకులు ఊడదీసి మార్చవచ్చు. జనన ధ్రువపత్రాన్ని మార్చడం అంత సులువు కాదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత పుట్టిన వారికి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటర్ల జాబితాకు, పెళ్లి నమోదుకు, సర్కారు కొలువుకు, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు చేసేది ఆ ఒక్క కాగితమే. పాత తరాలకు పదో తరగతి సర్టిఫికెట్ రాసే గుమాస్తా చేతిలో పేరు స్థిరపడేది. అంతవరకు ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటిగా తిరిగేది. ఇప్పుడు పిల్ల కళ్లు తెరిచి ఏడాది తిరగకముందే అక్షరం అక్షరం తేల్చుకోవాలి.

ఈ తేల్చుకోవడం ఎంత కష్టమో సొలాపూర్, సిరిసిల్ల పట్టణాల మధ్య వియ్యమందిన ఒక కుటుంబం ఏడాదిపాటు అనుభవించింది. రెండూ మరమగ్గాల ఊళ్లే. ఒకటి దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరు పడితే మరొకటి బతుకమ్మ చీరలతో వార్తలకెక్కింది. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం సొలాపూర్‌కు, భివండీకి, ముంబయికి తరలిపోయిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు పోలేదు, మార్కండేయుని కొలుపూ పోలేదు. మారింది పేరు అమరిక. సిరిసిల్లలో ముందు నడిచే ఇంటిపేరు సొలాపూర్ చేరేసరికి తోకకు జరిగింది. ఆ జరిగిన ఖాళీలోకి, మరాఠీ వాడుక ప్రకారం, తండ్రి పేరు వచ్చి కూర్చుంది. తాత ముత్తాతలు ఒకరే అయిన ఇద్దరు దాయాదుల పేర్లు ఆ ఊళ్లో ఒక తీరున, ఈ ఊళ్లో ఒక తీరున కనిపిస్తే వారికి బంధుత్వమున్నదని ఏ కంప్యూటరూ పోల్చుకోలేదు.

సిరిసిల్ల అమ్మాయి, సొలాపూర్ అబ్బాయి. తొలి సంతానం ఆడపిల్ల. 'వెన్నెల' అని పేరు పెట్టుకోవాలని తల్లి నెలలు నిండకముందే నిశ్చయించుకున్నది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మేనత్త మాత్రం దేవనాగరిలో హ్రస్వ ఎకారం లేదు కనుక మరాఠీ పంతులమ్మ 'వేన్నేలా' అని పిలుస్తుందని నవ్వింది. మరాఠీ బారసెలో పేరు పెట్టే గౌరవం మేనత్తది. తెలుగు బారసాలతో ఆ మాటకూ వేడుకకూ ఉన్న చుట్టరికం వినగానే తెలుస్తుంది. తొలి పేరు తేలిపోయింది. గొడవంతా దాని తర్వాత రావలసిన పేరుతోనే.

అమ్మమ్మది ఒకే మాట. "శుక్రారం పుట్టింది, పేరుల లక్ష్మి లేకుంటె ఎట్ల బిడ్డా?" తెలుగువారి పేర్ల నడుమ చోటు చాలాకాలంగా దేవతలది. తిరుమల మొక్కు వెంకట అవుతుంది, అన్నవరం మొక్కు సత్య అవుతుంది, సుబ్రహ్మణ్యుని మొక్కు నాగ అవుతుంది. షిర్డీ ప్రయాణాలు పెరిగిన తర్వాతి తరాలలో సాయి వచ్చి చేరాడు. పాములపర్తి వెంకట నరసింహారావు అన్న పేరులో ఊరిదో వంశానిదో ఆనవాలు ముందు, మొక్కు నడుమ, గౌరవవాచకం చివర పొందికగా ఉన్నాయి. దేశమంతా దానిని రెండు ఆంగ్లాక్షరాలకు కుదించి పలికింది. ఆడపిల్లలకు మాత్రం మొక్కు ఏదైనా చివరికి లక్ష్మి, కుమారి, దేవి అన్న మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర ఆగేది. అయితే 'వెన్నెల లక్ష్మి' అని గబగబా పిలిచి చూస్తే రెండు లకారాలు ఒకదానిలో ఒకటి కరిగి 'వెన్నెలక్ష్మి' అవుతున్నది. పేరు పెట్టేటప్పుడు గడప అవతల నిలబడి గట్టిగా పిలిచి చూడాలన్నది పెద్దలు చెప్పే పాత పరీక్ష. ఏ జాతకచక్రం కన్నా అదే మేలు. ఆ పరీక్షలో లక్ష్మి తప్పింది. అమ్మమ్మ ఒప్పుకోలేదు, పట్టు వదలనూ లేదు.

తండ్రికి సావిత్రి అన్న పేరు మీద మనసు. 1848లో పుణె భిడే వాడాలో ఆడపిల్లలకు బడి తెరిచిన సావిత్రిబాయి ఫూలే పేరు సొలాపూర్ కార్మిక వాడల్లో సభలన్నిటా వినిపిస్తుంది. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆమె జయంతి జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించడంతో ఆ పేరు సిరిసిల్లకూ కొత్తది కాకుండా పోయింది. 'వెన్నెల సావిత్రి' చెవికి బాగుంది. తొలి పేరు మెత్తగా ముగుస్తుంది, మలి పేరు గట్టిగా మొదలవుతుంది. తల్లి తరఫు బంధువులలో ఒకరు ఐలమ్మ పేరు కూడా తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో భూమి కోసం నిలబడిన ఆ మనిషి ఇంటిపేరు చిట్యాల. జనం నోట, హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయం పేరులో కూడా, ఆమె చాకలి ఐలమ్మగానే మిగిలింది. ఆ పిలుపును గౌరవంగా ధరించేవారున్నారు, నిజమే. కానీ అదే పోరాటంలో నిలిచిన పెద్ద కులాల నాయకులెవరి పేరు ముందూ వృత్తి ఎందుకు నిలవలేదన్న ప్రశ్న ఒకటి మిగిలిపోయింది.

సొలాపూర్ తాతగారికి ఈ వాదనలేవీ అర్థం కాలేదు. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు: ఇంతేగదా లోకరీతి. సర్కారు కొత్తగా తల్లి పేరు కూడా రాయమన్నది, రాద్దాం. ఇక లక్ష్మికీ సావిత్రికీ చోటెక్కడిది? ఆయన మాటలో న్యాయముంది. నడుమ చోటును రాజ్యం నింపేసిన తర్వాత తల్లిదండ్రులు ఎంచుకోవడానికి మిగిలేది తొలి పేరే. అమ్మమ్మ దేవత గానీ, తండ్రి ఆదర్శం గానీ లోపలికి రావాలంటే తొలి పేరుకే అంటుకట్టుకుని రావాలి.

అప్పుడు కోడలు ఒక ప్రశ్న అడిగింది. "నా పేరు రాద్దమంటున్నరు, మంచిదే. ఏ పేరు రాయాలె మామయ్యా?"

ఆ ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరాఠీ పెళ్లిళ్లలో కొత్త కోడలు గడపలోకి వచ్చాక పళ్లెంలో బియ్యం పరిచి, వరుడు బంగారు ఉంగరంతో ఆమెకు కొత్త పేరు రాసే ఆచారముంది. ఇంటిపేరు మారడం, మధ్య పేరు తండ్రిది పోయి భర్తది రావడం సరే, కొన్ని ఇళ్లల్లో తొలి పేరే మారిపోతుంది. తరాలుగా సొలాపూర్‌లో ఉన్న ఆ తెలుగు ఇల్లూ ఆ ఆచారాన్ని నేర్చుకుంది. సిరిసిల్లలో పుట్టినప్పుడు పళ్లెంలో బియ్యం మీద రాసిన పేరు ఒకటి. పెళ్లినాడు సొలాపూర్‌లో బియ్యం మీద రాసిన పేరు మరొకటి. ఆమె ఆధార్, డిగ్రీ పట్టా, బ్యాంకు ఖాతా మొదటి పేరు మీద ఉన్నాయి. అత్తగారింటి రేషన్ కార్డులో రెండో పేరు. ఇరుగుపొరుగు వారికి రెండోదే తెలుసు. ప్రభుత్వం తల్లి పేరును బిడ్డ పేరులో నిలపమన్నది గానీ, ఆ తల్లికి పేరు మిగిలి ఉందా అని ఆలోచించలేదు.

మహారాష్ట్ర ఉత్తర్వులో అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది, దాని మీద చర్చ తక్కువ జరిగింది. వివాహిత స్త్రీల విషయంలో పాత పద్ధతే కొనసాగుతుంది: ఆమె పేరు, భర్త పేరు, ఇంటిపేరు. అంటే కొడుకు పేరులో తల్లి చచ్చేదాకా ఉంటుంది. కూతురు ఆచారానికి తలవంచి పెళ్లితో పేరు మార్చుకుంటే తండ్రితోపాటు తల్లీ వెళ్లిపోతుంది. తల్లిని గౌరవించడానికి తెచ్చిన నియమం కొడుకుల దగ్గర శాశ్వతంగానూ, కూతుళ్ల దగ్గర పెళ్లి దాకానూ పనిచేస్తే దానిని ఏమనాలి? పెళ్లికి ముందరి పేరుతో ఆస్తిపత్రాలు రాయించుకునే వీలు స్త్రీలకు ఇచ్చారు. మంచిదే. ఆస్తి ఉన్నవారికి.

తల్లి పేరు మోయడం ఈ నేలకు కొత్త కాదని ఉత్తర్వు వచ్చినప్పుడు చాలామంది శాతవాహనులను గుర్తుచేశారు. మరాఠీలూ తెలుగువారూ తమవారేనని చెప్పుకునే రాజవంశం గనుక ఈ కథలో వారి ప్రస్తావన అవసరమే. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. వింటే తల్లికి ఎంత ఘనత అనిపిస్తుంది. కాని గౌతమి అన్నది తల్లి సొంత పేరు కాదు, ఆమె గోత్రాన్ని చెప్పే మాట. ఆ తల్లి సొంత పేరు బాలశ్రీ. నాసిక్ గుహలో తన కొడుకు విజయాలను రాతిలో చెక్కించింది ఆమే. ఆ శాసనమే లేకపోతే బాలశ్రీ అన్న పేరు చరిత్రకు దక్కేది కాదు. సింహాసనం తండ్రి నుంచి కొడుకుకే వెళ్లింది. మన కాలంలో తల్లి పేరును పూర్తిగా, సొంత పేరుగా, తన పేరు నడుమ నిలుపుకుని దేశమంతటికీ అలవాటు చేసినవాడు సినిమా దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ. ఆయనకు ఏ ఉత్తర్వూ అవసరం పడలేదు.

ఉపఖండంలో ఆడవారి పేరు నడుమ, చివర చేరే మాటలను వరుసగా చూస్తే వాటిలో చాలా భాగం ఆమె ఎవరో చెప్పవు, ఆమె ఎవరి అధీనంలో ఉందో చెబుతాయి. బీహార్‌లో, నేపాల్‌లో పెళ్లికాని పిల్ల కుమారి, పెళ్లయితే దేవి. కులాన్ని దాచుకోవాలనుకున్న కుటుంబాలకు ఈ రెండూ మంచి మరుగు కూడా అయ్యాయి. జయప్రకాశ్ ఉద్యమ కాలంలో కులనామాలు వదిలిన తండ్రుల కూతుళ్లు కుమారిలుగా పెరిగారు. అంతకు చాలాముందు, 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులనామాలను వదలమని తీర్మానించింది. తమిళనాట ఆ చోటు తండ్రి పేరులోని తొలి అక్షరంతో సరిపెట్టుకుంది. బెంగాల్‌లో వెనుకటి రోజుల్లో బ్రాహ్మణ స్త్రీ దేవి, శూద్ర స్త్రీ దాసి. ఠాకూర్ల ఇంటి రచయిత్రి స్వర్ణకుమారీ దేవి, రంగస్థలాన్ని ఏలిన నటి వినోదినీ దాసి. రెండక్షరాలతో కులం మొత్తం తేలిపోయేది. మేఘాలయలోని ఖాసీలు మాత్రం వంశనామాన్ని తల్లి నుంచే తీసుకుంటారు. అక్కడ ఇటువంటి ఉత్తర్వు వస్తే నవ్వుతారు.

సిక్కు స్త్రీలకు కౌర్ అన్న పేరు తండ్రితోనూ భర్తతోనూ నిమిత్తం లేనిది. పుట్టినింట, మెట్టినింట మారనక్కరలేని పేరు అది. కెనడా వలస విభాగం అది అందరికీ ఒకటే గనుక ఇంటిపేరుగా చాలదని ఏళ్లపాటు దరఖాస్తుదారులను వేధించి, 2007లో విమర్శలు చెలరేగాక ఆ పద్ధతి మానుకుంది. తెలుగు పిల్లలకూ విదేశాల గుమాస్తాలతో ఇదే యాతన. మన పాస్‌పోర్టులో మధ్య పేరుకు వేరే గడి లేదు. ఇంటిపేరుకు ఒక గడి, మిగిలినదంతా ఇంకో గడి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వారికి అమెరికా వీసా మీద తొలి పేరు తెలియదని అచ్చవుతుంది. 2022 నవంబరులో ఒకే మాట పేరు ఉన్న సందర్శకులను రానివ్వబోమని యూఏఈ చెప్పింది. ఎడిసన్‌లోనో డాలస్‌లోనో పుట్టిన తెలుగు పాపకు ఆసుపత్రి కాగితం మీద ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని మూడు గడులు కనిపించగానే తల్లిదండ్రులు మధ్య గడికి అమ్మమ్మను వెతుక్కోవడం అలా మొదలైంది. ఎక్కడో ఆంగ్లేయుల క్రైస్తవ నామకరణం కోసం పుట్టిన గడిలో మన లక్ష్ములు, సత్యలు చేరుతున్నారు.

రాజకీయ కుటుంబాలు మధ్య పేరు విలువను మనకన్నా ముందే గ్రహించాయి. 1930 అక్టోబరులో నైనీ జైలు నుంచి నెహ్రూ కూతురికి రాసిన పుట్టినరోజు ఉత్తరం ఇందిరా ప్రియదర్శిని పేర ఉంది. ప్రియదర్శి అశోకుని బిరుదు. తొలి పేరు ఇంటి దేవతది, మలి పేరు జాతి చరిత్రది. 1942 పెళ్లితో చివర గాంధీ చేరింది, ప్రియదర్శిని మెల్లగా వెనక్కి తప్పుకుని చెట్లు నాటినవారికిచ్చే పురస్కారం మీద, కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు మీద స్థిరపడింది. తర్వాతి రోజుల్లో తెలుగునాట ప్రియదర్శిని అని పేరు పెట్టుకున్నవారిలో ఎంతమంది అశోకుణ్ణి తలచుకున్నారో చెప్పలేం. ఇంకో మూడు దశాబ్దాలు గడిచాక అదే కుటుంబపు ఆడపడుచు గాంధీని నడుమకు జరిపి, వాద్రాను చివర పెట్టుకుని పార్లమెంటుకు వచ్చింది.

సరిహద్దు అవతల 2007 డిసెంబరు చివరి వారంలో బేనజీర్ హత్య జరిగిన మూడో నాటికే ఆమె ముగ్గురు పిల్లల పేర్ల నడుమ భుట్టో చేరింది. అంతవరకు వారు జర్దారీలు. బిలావల్‌కు ఆ మాట పార్టీ పీఠం తెచ్చింది. చెల్లెలు ఆసిఫా భుట్టో జర్దారీ 2024లో జాతీయ అసెంబ్లీలో అడుగుపెట్టింది. పెళ్లయినా తండ్రి పేరు వదలని స్త్రీ తన పిల్లలకు దానిని మధ్య పేరుగా ఇచ్చి పోయిందనవచ్చు. ఆమె చనిపోతే గానీ ఇవ్వలేకపోయిందనీ అనవచ్చు. ఇంటిపేర్లే లేని బర్మాలో ఆంగ్ సాన్ సూ చీ పేరు ఈ లెక్కలన్నిటికీ భిన్నం. ఆంగ్ సాన్ తండ్రి, సూ నాయనమ్మ, చీ తల్లి ఖిన్ చీ పేరులోని భాగం. ముగ్గురు పెద్దలు, ఒక ఆడపిల్ల. వీరిలో ఒక్క తండ్రినే సైన్యమూ ప్రజలూ గుర్తుపెట్టుకున్నారు, అది వేరే సంగతి. మన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పేరూ ఇంటివారు పెట్టినది కాదు. సంతాలీ ఇంట్లో ఆమె పుతి. ద్రౌపది బడిలో ఒక ఉపాధ్యాయుడు మార్చిన పేరు, ముర్ము పెళ్లితో వచ్చిన పేరు. దేశంలో అత్యున్నత పదవిలో ఉన్న స్త్రీ సంతకంలో ఇంటివారు ఇచ్చిన అక్షరం ఒక్కటీ లేదు.

ఇదంతా ముచ్చట్లుగా చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, అస్సాం గుర్తుకొచ్చేదాకా. 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19 లక్షల పైచిలుకు మందికి చోటు దక్కలేదు. ఆ పట్టికకు కావలసింది పూర్వీకులతో బంధాన్ని నిరూపించే కాగితం. చిన్నప్పుడే పెళ్లయి, బడి ముఖం చూడని స్త్రీకి తాను ఫలానా వారి కూతురినని చెప్పే కాగితం ఏముంటుంది? పేద ముస్లిం కుటుంబాలలో ఒకే మనిషి పెళ్లికి ముందు ఖాతూన్, పెళ్లయ్యాక బీబీ, భర్త పోయాక బేవా. ఓటర్ల జాబితాలో మూడు పేర్లు మూడు ఊళ్లలో ఉంటాయి. గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రమే వారికి ఆధారమైతే, 2017లో గౌహతి హైకోర్టు అది చెల్లదన్నది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారించి నిజమని తేల్చుకున్నాక స్వీకరించవచ్చని చెప్పేదాకా లక్షల మంది వివాహితలు తాము ఎవరి బిడ్డలో తెలియని స్థితిలో ఉండిపోయారు. పెళ్లితో మారని ఒక్క పేరు, అది తల్లిదో తండ్రిదో, వారి పేరు నడుమ నిలిచి ఉంటే ఎంతమందికి ఆ తిరుగుడు తప్పేదో. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు పుట్టినింటి కాగితాల కోసం మళ్లీ ఆడవారే పరుగెత్తారు.

న్యాయస్థానాలు నెమ్మదిగానైనా ఒక దారి చూపాయి. తండ్రి, ఆయన తర్వాత తల్లి అన్న సంరక్షక చట్టపు మాటకు తండ్రి బతికుండగానే తల్లికి కూడా చోటున్నదని 1999లో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. 2022 జూలైలో తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక వివాదంలో, భర్త మరణించి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉన్నదని తేల్చింది. బిడ్డకు పాత ఇంటిపేరే పెట్టాలని, కొత్త భర్తను సవతి తండ్రిగా చూపాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని నిర్దయమైనదిగా కొట్టివేసింది. అయితే ఈ తీర్పులు రెండూ ఇంటిపేరు, సంరక్షణ గురించినవి. మధ్య పేరు గురించి కోర్టుకెక్కినవారు తక్కువ. దానిని ఇంట్లోనే తేల్చుకుంటారు, ఇంట్లో గొంతు పెద్దదెవరిదో వారి మాటే నెగ్గుతుంది.

సిరిసిల్ల అమ్మాయికి ఇక్కడ ఆచారమే ఆసరా అయింది. తొలి కాన్పు పుట్టినింట. జననం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లోనే నమోదు కావాలన్నది చట్టం. కనుక వెన్నెల సిరిసిల్ల పురపాలక సంఘం పుస్తకంలోకి ఎక్కింది, మహారాష్ట్ర వరుస అక్కడ లేదు. తల్లి పేరు, తండ్రి పేరు వేరు వేరు గడులలో ఉంటాయి. తల్లి పేరు ఆమె ఆధార్‌లో ఉన్నదే. బిడ్డ పేరు గడిని మాత్రం ఖాళీగా వదిలారు. పన్నెండు నెలల దాకా రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. ఆ తర్వాతా పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. తొందరపాటుతో రాయించి, తర్వాత అఫిడవిట్లతో తిరిగేవారే ఎక్కువ.

పదకొండో నెలలో పేరు రాయించారు. వెన్నెల, దాని పక్కన తల్లి పుట్టినింటి పేరు, చివర సొలాపూర్ ఇంటిపేరు. తండ్రి తన పేరును తన గడిలో ఉండనిస్తే చాలన్నాడు. సావిత్రిని వదులుకోవడానికి మాత్రం కాస్త బాధపడ్డాడు, రెండో బిడ్డకు దాచిపెట్టుకున్నాడు. తాతగారు మాత్రం బడిలో వేసేటప్పుడు మంత్రాలయం వరుస ప్రకారం తండ్రి పేరు ఎలాగూ చేరుతుందని నిశ్చింతగా ఉన్నారు. అమ్మమ్మ అందరూ వెన్నెల అంటుండగా తానొక్కతే లక్ష్మీ అని పిలుస్తున్నది. పిల్ల రెండింటికీ తిరిగి చూస్తున్నది.

కోడలు ఒప్పుకున్నది ఒక షరతు మీద. బడి నాటికి సొలాపూర్ కాగితాలలో తల్లి పేరుకు రుజువు అడుగుతారు. అప్పుడు బియ్యం మీద రాసిన రెండో పేరు బయటపడితే కూతురి పేరే తప్పని తేలుతుంది. అందుకని ముందు రేషన్ కార్డులో తన పేరు తనకు కావాలి. పెళ్లి నమోదు పత్రం, ఆధార్ నకలు, అఫిడవిట్ జతచేసి మామయ్య చేతనే దరఖాస్తు పెట్టించింది. కార్డు ఆయన పేరు మీద ఉంది గనుక సంతకం ఆయనదే కావాలి. ఆయన చేశారు. దరఖాస్తు ఇంకా తహసీల్దారు కచేరీలోనే ఉంది.